ఉప్పు పడవ

"కోపమెక్కువా, భయమెక్కువా?"

పక్క కుర్చీలోని మనిషి టైలరమ్మని అడిగిన మొదటి మాట అది. పేరడగలేదు, ఈ జబ్బు ఎప్పటినుంచి అనీ అడగలేదు. టైలరమ్మ తల మాత్రం తిప్పి చూసింది. అంతకంటే తిప్పడానికి వీల్లేదు. కుడిచేతిలో రెండు సూదులున్నాయి. వాటినుంచి రెండు గొట్టాలు బయల్దేరి, ఒకదాన్లోంచి ఆమె రక్తం యంత్రంలోకి పోతోంది, ఇంకోదాన్లోంచి కడుక్కుని తిరిగొస్తోంది. ఎడమచేతికి వేసిన నాళం మూసుకుపోయిందని ఈమధ్యే కుడిచేతికి వేశారు. కత్తెర పట్టిన చెయ్యి అది. డాక్టరు వేసిన కుట్టు వంకరగా ఉందని ఆమెకి మొదటిరోజునుంచీ మంటగానే ఉంది.

"ఎవరికి?" అంది.

"మీకే."

"కోపం."

"అమ్మయ్య! భయస్తులకిచ్చేవి నా దగ్గర అయిపోయాయి" అని ఆయన కుర్చీ పక్కనున్న గుడ్డసంచిలోకి వంగాడు. ఆయనకి సూదులు ఎడమచేతికి. కుడిచేత్తో వెతికి వెతికి, అరచేతిలో ఇమిడే బూడిదరంగు డబ్బా ఒకటి తీశాడు. చిన్న తెర, ఎడమవైపు కూడిక గుర్తులాంటి మీట. స్పిరిట్ దూదితో మీటనీ, మూలల్నీ, వెనక పెన్సిల్ బ్యాటరీల మూతనీ తుడిచాడు. తర్వాత సంచిలోని క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి, చదివి, ఊహూ అనుకుని లోపల పడేస్తూ చివరికి ఒకటి ఎంచుకున్నాడు.

"నేనేం చిన్నపిల్లనా?"

"ఇదీ చిన్నపిల్లల ఆట కాదు చెల్లెమ్మా. నేను వీడియో గేముల కొట్టు నడిపినన్నాళ్ళూ దీన్ని అద్దెకి తీసుకెళ్ళిన పిల్లలంతా ఏడ్చుకుంటూ తెచ్చిచ్చారు. రెండోసారి అడిగినవాడు లేడు. అట్టమీద బొమ్మ చూడండి, పడవవాడికి పన్నునొప్పి వచ్చినట్టు లేదూ? అదే వారంలో ఇంకేదో పెద్ద ఆట వచ్చింది. దీని మొహం చూసినవాడే లేడు. నన్నడిగితే, దీన్ని మించింది లేదు."

"అందరూ బాగుందన్నదేదైనా ఉంటే ఇవ్వండి."

"అందరూ ఆడినవి నా సంచిలో ఉండవు. అడక్కండి."

ఆయన్ని ఆ డయాలసిస్ వార్డులో అందరూ క్యాసెట్లాయన అనేవారు. ఆ మూల కుర్చీలో ఉండే రిటైరైన కండక్టరుకి లిఫ్టు నడిపే ఆట ఇచ్చాడు. ఎక్కినవాళ్ళని వాళ్ళ వాళ్ళ అంతస్తుల్లో దింపాలి, అంతే. "హాయిగా ఉంది, చిల్లర ఇవ్వక్కర్లేదు" అని కండక్టరు ఎప్పుడూ సంబరపడుతుంటాడు.

"ఇందులో ఏం చెయ్యాలి?" అంది టైలరమ్మ, అడగకూడదనుకుంటూనే.

"నది. నదిలో పడవ. పడవనిండా ఉప్పు. సంతకి చేర్చాలి. పైనుంచి వాన పడితే కరుగుతుంది, అల కొడితే కరుగుతుంది. ఎంత బాగా నడిపినా కొంత పోతుంది. నిండు పడవతో చేరినవాడు ఇంతవరకు లేడు. చేరేసరికి ఎంత మిగిలితే అంత గెలిచినట్టు."

"ఇదేం ఆట! ఓడిపోవడానికి ఆడాలా?"

"అప్పుడు పత్రికలవాళ్ళు కూడా ఇదే మాట అన్నారు."

"అయినా నాకసలు ఉప్పే వద్దన్నారు."

"తినొద్దన్నారు. మొయ్యొద్దన్లేదుగా!"

గొట్టానికి టేపు అంటిస్తున్న టెక్నీషియన్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. టేపు మడతపడి పాడైంది, ఇంకో ముక్క చింపుకోవాల్సొచ్చింది. టైలరమ్మకి నవ్వు రాలేదు. ఈ వారంతో సరి, ఇక ఈ సూదులకి రానని ఆ పొద్దున్నే కూతురికి తేల్చి చెప్పేసింది. కూతురు ఏడ్చినా, అరిచినా, అన్నం మానేసినా ఆ మాట మారేది కాదు. ఏదో ఒక వారం ఎలాగూ పోయేదానికి ఆటలొకటి తక్కువయ్యాయా అనుకుంటూనే, డబ్బాని దిండుకి ఆనించి ఎడమ బొటనవేలు మీటమీద పెట్టింది.

మొదటి మలుపులోనే పడవ బండకి కొట్టుకుంది. ఉప్పంతా నీళ్ళపాలైంది. "ఛీ!" అంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ బండ. మిషను తొక్కేటప్పుడు కాలు ఆగితే కుట్టు ముడిపడుతుంది, అదురు ఒకేలా ఉండాలి. ఇక్కడా అంతేనా అని చూసింది. బొటనవేలితో గట్టిగా నొక్కడం మానేసి, కొంచెం కొంచెంగా తడుతూ వెళ్ళింది. బండ పక్కనుంచి పడవ జారిపోయింది. కాలిపిక్క పట్టేసిందని కూడా ఆమె గమనించలేదు. యంత్రం కూత పెట్టేసరికి విసుక్కుంటూ తలెత్తింది.

"అప్పుడే అయిపోయిందా?"

ఆ వార్డులో అంతకుముందు ఎవరూ ఆ మాట అని ఎరగరు. టెక్నీషియన్ అమ్మాయి సూది లాగి, దూది ఒత్తిపట్టుకుని, క్యాసెట్లాయన వైపు చూసి కళ్ళెగరేసింది.

"ఇంటికి తీసుకెళ్తాను, ఎల్లుండి తెచ్చిస్తాను" అంది టైలరమ్మ.

"కుదరదు. క్యాసెట్ ఈ గడప దాటదు. మలుపు మలుపుకీ అదే గుర్తుపెట్టుకుంటుంది. మిగతాది ఎల్లుండి."

"నేనేం ఎత్తుకుపోతానా?"

"ఎవరికైనా ఇదే మాట చెల్లెమ్మా."

పిసినారి, అని దారిపొడుగునా తిట్టుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర, కొలగిన్నెలో తనకి పోసిన నీళ్ళు గుటకగుటకగా తాగుతూ కూతురితో, "ఎల్లుండి మొదటి బస్సుకే పోదాం. ఆలస్యమైతే బరువు చూసే తూకం దగ్గర వరస పెద్దదవుతుంది" అంది. కూతురు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఏదో మర్చిపోయినదానిలా వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

రోజు విడిచి రోజు అలా వెళ్ళింది. రెండో మలుపు దగ్గర సుడి ఉంది. చుట్టూ తిప్పి తిప్పి వదులుతుంది. "చెప్పమంటారా?" అనే భావంతో ఆయన మొహం పెట్టేవాడు కానీ నోరు తెరిచేవాడు కాదు.

"నేనడగను" అంది ఆమె ఒకరోజు, తెరమీంచి కళ్ళు తియ్యకుండానే.

"తెలుసు. అడిగితే చెప్తాను, అడక్కపోతే చెప్పను. కోపిష్టివాళ్ళు ఎలాగూ అడగరు."

"మరి మీకేది ఎక్కువ? కోపమా, భయమా?"

ఆయన ఒళ్ళోని డబ్బా ఎప్పుడూ ఖాళీగానే ఉండటం ఆమె అప్పుడే గమనించింది. తను ఆడడు. కండక్టరు లిఫ్టు ఎక్కడ ఆగింది, ఈవిడ పడవ ఎక్కడుంది, అని మెడ సాచి చూస్తూ కూర్చుంటాడు.

"నాకు విసుగెక్కువ" అన్నాడు చివరికి.

కొత్త ఇన్‌ఛార్జి వచ్చింది ఆ తర్వాతే. మంచిమనిషే. వచ్చిన రోజునే చిరిగిన దుప్పట్లన్నీ మార్పించింది, చేతులు కడుక్కునే చోట సబ్బు పెట్టించింది. మూడోరోజు గుడ్డసంచి ఆమె కంట్లో పడింది.

"ఏంటివన్నీ?"

"ఆటలండీ" అన్నాడు క్యాసెట్లాయన. "ఇచ్చేముందు స్పిరిట్‌తో తుడుస్తాను. ఇదుగో సీసా."

"ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వెళ్తున్నాయా? ఇక్కడ అందరికీ రక్తం బయటపెట్టి ఉంది, ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత? రేపట్నుంచి బయటి వస్తువు ఒక్కటి కూడా వార్డులోకి రాకూడదు."

గోడమీద టీవీ మోగుతోంది. దాని రిమోటు పొద్దుటినుంచీ ఆ కుర్చీనుంచి ఈ కుర్చీకి తిరుగుతూనే ఉంది, దాన్ని తుడిచిన పాపాన పోయినవాళ్ళు లేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అవి బయటి వస్తువులు కావు కాబోలు.

"మరి ఆ రిమోటు?" అంది టైలరమ్మ.

"అది హాస్పిటల్‌దమ్మా."

"ఈయన సంచి మాకు మీ హాస్పిటల్ కంటే శుభ్రం!"

"చెల్లెమ్మా, వదిలెయ్యండి" అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలే ధోరణీ లేదు. అది గమనించి ఉండాల్సింది అని ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

యంత్రాలు ఆగాక, దూది ఒత్తుకుంటూ ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరి డబ్బా వాళ్ళకి, ఎవరి క్యాసెట్ వాళ్ళకి పంచేశాడు. "ఇంటికి పట్టుకెళ్ళండి. మీవే" అన్నాడు. కండక్టరు రెండు చేతులూ జోడించబోయి, ఒక చెయ్యి కట్టుతో ఉండటంతో ఒక్కచేత్తోనే దణ్ణం పెట్టాడు. టైలరమ్మకైతే పట్టరాని సంతోషం వచ్చింది. ఇన్నాళ్ళూ గడప దాటనిది ఇవాళ దాటింది. ఎన్నిసార్లడిగింది, ఎంత బెట్టు చేశాడు!

"చూశారా, చివరికి నా మాటే నెగ్గింది" అంది.

"నెగ్గింది" అని ఆయన నవ్వాడు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఇంట్లో ఆమె మిషను బల్లమీదే కూర్చుని ఆడింది. యూనిఫాం చొక్కాలు కాలర్లు లేకుండా అలాగే పడున్నాయి. మూడో మలుపులో వాన ఊపందుకుంటుంది. నదికి నట్టనడుమ పడవ ఉంచి, అలలకి ఎదురు పెట్టి, బొటనవేలు వాచేదాకా తట్టింది. మర్నాడు సాయంత్రానికి సంత కనిపించింది. పడవ ఒడ్డుకి తగిలింది. అడుగున చిటికెడు ఉప్పు. తెరమీద ఒక ముసలమ్మ వచ్చి, ఆ చిటికెడునీ కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. అంతే. చప్పట్లు లేవు, బాకాలు లేవు. ఈ ముసలమ్మ సంగతి ఆయన ముందే చెప్పలేదు, దొంగ! రేపు వెళ్ళగానే కడిగెయ్యాలి అనుకుంది టైలరమ్మ.

మర్నాడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇవాళ రానన్నారు" అంది టెక్నీషియన్ అమ్మాయి. "ఫోన్ చేస్తే, ఒంట్లో బాగానే ఉందమ్మా, ఈసారికి వదిలెయ్ అన్నారు."

"ఒకటి మానేస్తే ఏమవుతుంది?" అంది టైలరమ్మ.

ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. నీరు పడుతుంది. పాదాలనుంచి మొదలై పైకి ఎక్కుతుంది.

"నాకు ఇంట్లో ఆడబుద్ధే కాలేదమ్మా" అన్నాడు కండక్టరు ఆ మూలనుంచి. "ఇక్కడైతే నిమిషంలో పొద్దు గడిచిపోయేది. ఇంట్లో ఎందుకాడాలి?"

టైలరమ్మకి అప్పుడు తెలిసింది. క్యాసెట్ గడప దాటకూడదని ఆయన ఎందుకన్నాడు? మిగతాది ఇక్కడే ఉందంటే ఎల్లుండి మనిషి వస్తాడు. రాననుకున్న తను రాలేదూ? ఆ సంచి మిగతావాళ్ళని ఎలా రప్పించిందో ఆయన్నీ అలాగే రప్పించింది. ఇప్పుడు సంచి ఖాళీ. ఎవరిది వాళ్ళకి ఇచ్చేసి, మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తనేమో నెగ్గానని నవ్వింది! సిగ్గుతో, దుఃఖంతో ఆమెకి ఒళ్ళు వణికింది. చలి అనుకుని టెక్నీషియన్ అమ్మాయి ఇంకో దుప్పటి కప్పింది.

తర్వాతిసారి కూడా ఆయన రాలేదు. ఆ కుర్చీలో ఎవరినో కొత్తమనిషిని కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం చేతికి కట్టుతోనే, కూతుర్ని వెంటబెట్టుకుని టైలరమ్మ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మూసేసిన కొట్టు, దానిపైన మేడగది. తలుపు తీసింది ఆయన వదిన. "మీరైనా చెప్పండమ్మా. మా మాట వినట్లేదు" అంది, ఎవరని కూడా అడక్కుండా.

ఆయన కుర్చీలో, వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదట. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. గోడకున్న చెక్క అరలన్నీ ఖాళీ. క్యాసెట్లున్నచోట దుమ్ములేని గుర్తులు మాత్రం మిగిలాయి.

"రండి చెల్లెమ్మా. పడవ ఎందాకా వచ్చింది?"

తిట్టాలని వచ్చింది. దారంతా మాటలు పోగేసుకుంది. ఆ పాదాలు చూశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"ఎందుకు రావట్లేదు?" అంది.

"వచ్చి ఏం చెయ్యాలి? టీవీ చూడాలా?" అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "ఆ యంత్రం కోసం రావాలని నాకెప్పుడూ అనిపించలేదమ్మా. కండక్టరుగారు ఎవర్ని ఎక్కడ దింపారో, మీరు సుడి దాటారో లేదో చూద్దామని వచ్చేవాణ్ణి. నాకు విసుగెక్కువని చెప్పాగా."

టైలరమ్మ ఒళ్ళోని చేతిసంచిని గట్టిగా పట్టుకుంది. డబ్బా, క్యాసెట్ దాన్లోనే ఉన్నాయి.

"మూడో మలుపు దాటట్లేదు అన్నయ్యగారూ. ఎలా దాటాలో చెప్పండి."

ఆయన తలెత్తి చూశాడు.

"మీరు... అడుగుతున్నారా?"

"అడుగుతున్నాను."

"ఏదీ, ఇలా ఇవ్వండి. చూపిస్తాను."

"తేలేదు. వార్డులో ఆ అమ్మాయి దగ్గర దాచాను. గడప దాటకూడదు కదా."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. వదిన వచ్చి వీపు రాసింది. "నా మాట నాకే అప్పజెప్తున్నారే!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఎల్లుండి రండి. వచ్చి చెప్పండి. ఆ ఇన్‌ఛార్జి సంగతి నేను చూసుకుంటాను, దుప్పటికింద పెట్టుకుని ఆడతాను. మీరు మాత్రం రండి."

"చూద్దాం" అన్నాడాయన.

చూద్దాం అంటే ఏమిటో ఆమెకి తెలీదా? కొట్టులో బట్ట నచ్చనివాళ్ళంతా ఆ మాటనే అని వెళ్తారు. అయినా వస్తాననే అన్నాడనుకుంది. మెట్లు దిగుతూ కూతురితో కూడా "వస్తానన్నాడు" అనే చెప్పింది.

అనుకున్న రోజున ఆమె అందరికంటే ముందు వెళ్ళింది. తూకం చూసుకుంది. కొత్తమనిషిని వేరే కుర్చీకి మార్చమని టెక్నీషియన్ అమ్మాయిని బతిమాలి, పక్క కుర్చీ ఖాళీగా ఉంచింది. సూదులు పడ్డాయి. గొట్టాలు ఎర్రబడ్డాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూసింది. ఒకసారి మందుల బండి వచ్చింది, ఒకసారి నేల తుడిచే మనిషి.

తర్వాత ఆయన వదిన వచ్చింది. చేతిలో, ఆయన ఎప్పుడో ఇంటికి తెచ్చుకున్న హాస్పిటల్ దుప్పటి, తిరిగివ్వడానికి మడతపెట్టి ఉంది. ఆమె మొహం చూశాక టెక్నీషియన్ అమ్మాయి చేతిలోని టేపుచుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"పొద్దున్న పోయారమ్మా" అంది వదిన. "ఇక్కడికే బయల్దేరారు. తనంతట తనే లేచారు. ఉతికిన చొక్కా తీయించుకుని వేసుకున్నారు. గుండీలు పెట్టుకుంటూ, పెట్టుకుంటూ, అలాగే..."

కండక్టరు "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నాడు. టైలరమ్మ చేతికి సూదులున్నాయి. లేవడానికి లేదు, వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోవడానికి లేదు. వదినే దగ్గరికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"నిన్న రాత్రి ఒక మాట చెప్పారు. ఒకవేళ నేను వెళ్ళలేకపోతే టైలరమ్మకి చెప్పమన్నారు. నాకేం అర్థం కాలేదు, విన్నది విన్నట్టు చెప్తాను. మూడో మలుపులో నడుమకి వెళ్ళకూడదట. ఎడమ ఒడ్డు పట్టుకోవాలట. అక్కడ రెల్లు పొదలుంటాయట, వాటికింద వాన పడదట."

టైలరమ్మ తలూపింది.

"ఇంకోటి కూడా అన్నారు. 'ఆవిడ అబద్ధమాడుతోంది, ఆ మలుపు ఎప్పుడో దాటేసే ఉంటుంది. అయినా అడిగింది కదా, చెప్పు' అన్నారు."

అప్పుడు ఏడ్చింది టైలరమ్మ. కుడిచెయ్యి కదలకుండా, కదిలితే యంత్రం కూత పెడుతుందని ఆ చేతిని చెక్కలా బిగబట్టి, మిగతా ఒళ్ళంతా కుదిలిపోయేలా ఏడ్చింది. వదిన పవిటచెంగుతో ఆమె మొహం తుడిచింది. ఎవరు ఎవర్ని ఓదార్చాలో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

వదిన వెళ్ళాక చాలాసేపటికి ఆమె దుప్పటికింద చెయ్యిపెట్టి చేతిసంచిలోంచి డబ్బా తీసింది. మీటని స్పిరిట్ దూదితో తుడిచింది. మూడో మలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వాన మొదలైంది. పడవని ఎడమకి తిప్పింది. ఆ ఒడ్డున ఆకుపచ్చగా ఉన్నవి ఉత్త గీతలనుకుంది ఇన్నాళ్ళూ. దగ్గరికెళ్తే రెల్లు. పడవ వాటికిందికి దూరింది. నదంతా వాన కురుస్తూనే ఉంది, పడవమీద మాత్రం చుక్క పడటం లేదు. ఉప్పు సగానికి పైగా అలాగే ఉంది.

ఇన్‌ఛార్జి వరసగా కుర్చీలు చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. దుప్పటికింద వెలుగు చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. ఏదో అనబోయి, అనకుండానే ముందుకి వెళ్ళిపోయింది.

టైలరమ్మ బొటనవేలు కదపలేదు. ఇంకొంచెం తడితే సంత, ఒడ్డున ఆ ముసలమ్మ. తన తెరమీద ఆయన ఒక్కసారి కూడా మెడ సాచి చూడని సంత. పడవని రెల్లుకిందే ఉంచి, యంత్రం కూత పెట్టేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

సూదులు తీసి, దూది ఒత్తి, కట్టు కట్టాక ఆమె డబ్బాని రుమాల్లో చుట్టి టెక్నీషియన్ అమ్మాయి చేతిలో పెట్టింది.

"మీదే కదండీ, ఇంటికి తీసుకెళ్ళొచ్చుగా?"

"వద్దమ్మా. ఇక్కడే ఎక్కడైనా దాచు" అంది టైలరమ్మ. "మిగతాది ఎల్లుండి."